ఆమోదం పొందిన కేకలు

నాగులకోట పురపాలక కళాభవనంలో రెండేళ్లుగా ఒక్క ప్రదర్శన కూడా జరగలేదు. అందువల్ల ఆ భవనం అద్దంలా ఉండేది. కుర్చీలకు వచ్చిన ప్లాస్టిక్ కవర్లు వచ్చినట్టే ఉన్నాయి. ఎర్ర ముఖమలు తెరను నెలకోసారి దులిపేవారు, వేదికను వారానికోసారి ఫినాయిలు పెట్టి తుడిచేవారు. ప్రేక్షకులన్నవాళ్లు లోపలికి అడుగుపెడితే ఇదంతా ఏమైపోతుందో అని తలుచుకున్నప్పుడల్లా పర్యవేక్షణాధికారి ముక్కామల త్రినాథరావు గారికి గుండెదడ వచ్చేది.

ఆయన చెడ్డవారేం కాదు. ఆ భవనమంటే ఆయనకు ప్రాణం. రోజూ సాయంత్రం ఇంటికి వెళ్లే ముందు తెర తాడు స్వయంగా లాగి, తెర లేస్తుందో లేదో చూసుకుని, మళ్లీ దించి, తాళం వేసుకుని మరీ వెళ్లేవారు. అంతకన్నా నాటకం ఆయన చూసి ఎరగరు.

నాటకాలు జరగకపోవడానికి కారణం పన్నెండో నిబంధన. వేదికపై పలకబోవు ప్రతి మాటయూ పదిహేను రోజుల ముందు మూడు ప్రతులలో సమర్పించి ఆమోదము పొందవలెను అని అందులో ఉంది. దాన్ని ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎప్పుడో ఒక నటుడు చివర్లో కృతజ్ఞతలు చెబుతూ, ఎదురుగా కూర్చున్న చైర్మన్ గారి పేరు మరిచిపోయి మాజీ చైర్మన్ గారి పేరు చెప్పాడని, అప్పటి నుంచి అమల్లోకి వచ్చిందని అంటారు. త్రినాథరావు గారు దాన్ని భక్తిగా అమలు చేశారు. హరిదాసు వస్తే కథ మొత్తంలో గోవింద నామం ఎన్నిసార్లు చెప్పిస్తారో రాసిమ్మన్నారు. అవధాని గారొస్తే పృచ్ఛకుల ప్రశ్నలు, వాటికి ఆయన ఆశువుగా చెప్పబోయే పద్యాలు ముందుగా దాఖలు చేయమన్నారు. నాట్యం మాస్టారిని తకధిమి అంటే ఏమిటో వాడుక తెలుగులో వివరించమన్నారు. అందరూ దండం పెట్టి పక్క వీధిలోని కల్యాణమండపానికి వెళ్లిపోయారు.

ఇలా హాయిగా నడిచిపోతుండగా రాజధానిలోని కళాభవనాల సంచాలకుల కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. "నెలాఖరులోగా నిండు సభతో ఒక్క ప్రదర్శనయైనా జరగనిచో, సదరు భవనమును ఉల్లిపాయల నిల్వ నిమిత్తము మార్కెటింగు శాఖకు అప్పగించడమగును."

త్రినాథరావు గారు ఆ కాగితం పట్టుకుని హాల్లోకి వెళ్లి నిలబడ్డారు. ముఖమలు తెర పక్కన గోనెబస్తాలు ఊహించుకున్నారు. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మర్నాడు ఉదయమే అటెండరు పోలారావును వెంటబెట్టుకుని ఆయన ఊరి మీద పడ్డారు. హరిదాసు గుమ్మంలోంచే చేతులు జోడించాడు. "ఆయ్, మీరు పిలవడం మా అదృష్టవేనండి. కానీ భక్తి పొంగి ఒక్క గోవింద ఎక్కువైపోయిందనుకోండి, నన్ను కోర్టుకి లాగుతారండి. మనకొద్దు బాబూ!" అవధాని గారు ఇంట్లో లేరని అవధాని గారే లోపలి నుంచి చెప్పారు. నాట్యం మాస్టారు తలుపే తీయలేదు.

వస్తానన్నది ఒక్క హైమావతి మాత్రమే. ఆ అమ్మాయి పగలు కళ్ల డాక్టరు దగ్గర పేషెంట్ల చేత గోడ మీది అక్షరాలు చదివించే ఉద్యోగం చేస్తుంది. శనివారాలు నలుగురు స్నేహితులతో కలిసి ఒక టిఫిన్ హోటలు మేడ మీద 'అప్పటికప్పుడు' అనే బృందం నడుపుతుంది. కింద వంటింట్లో గ్రైండరు తిరిగినప్పుడల్లా వీళ్ల మాటలు ఎవరికీ వినపడవు. గ్రైండరు లేని చోట, నిజమైన తెర ముందు ఒక్కసారి ఆడాలని హైమకు ఎప్పటి నుంచో ఉంది. అందుకే కబురందగానే ఆఫీసుకు వచ్చింది.

"స్క్రిప్టు మూడు ప్రతులు తెచ్చారామ్మా?" అన్నారు త్రినాథరావు గారు.

"స్క్రిప్టు ఉండదు సార్."

"ఇంకా రాయలేదా?"

"అసలు రాయం సార్. జనంలోంచి ఎవరో ఒక మాటంటారు. పెళ్లిచూపులనో, కరెంటు బిల్లనో. ఆ మాట పట్టుకుని మేం అప్పటికప్పుడు ఆడేస్తాం."

"ఎవరో అంటే ఎవరు?"

"టికెట్టు కొన్నవాళ్లెవరైనా."

"వాళ్లు ఏమంటారో మీకు ముందే తెలియదా?"

"తెలిస్తే నవ్వు రాదు సార్."

త్రినాథరావు గారు ఆమె వంక జాలిగా చూశారు. "నవ్వు సంగతి తర్వాత చూద్దాం. ముందు నిబంధన సంగతి చూడాలి."

హైమ ఒక్క నిమిషం ఆలోచించి, ఆయన బల్ల మీది కట్టలోంచి మూడు తెల్లకాగితాలు తీసి ఆయన ముందు పెట్టింది. "మేం ముందుగా రాసుకునేదంతా ఇదే సార్."

ఆయన ఒక్కొక్క కాగితాన్నీ అటూ ఇటూ తిప్పి చూశారు. వెలుతురుకు పెట్టి చూశారు. అభ్యంతరకరమైన మాట ఒక్కటీ కనపడలేదు. మూడింటి మీదా సంతకం చేశారు.

హైమ సంబరంగా గుమ్మం దాటబోయింది. "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నారాయన. ఆయనది నిజాయితీ గల బుర్ర. "తెల్లకాగితానికి ఆమోదం ఇచ్చానంటే మౌనానికి ఆమోదం ఇచ్చినట్టు. కనుక ప్రదర్శన జరుగు గంటన్నర సేపూ మీ బృందానికి మౌనం మంజూరైంది. ఒక్క మాట పలికినా అది ఉల్లంఘన కిందికి వస్తుంది."

"మాట్లాడకుండా ఎలా ఆడతాం సార్?"

"అది కళకు సంబంధించిన విషయం. నా పరిధిలోకి రాదు."

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ త్రినాథరావు గారు అర్ధంతరంగా ఆలోచించే మనిషి కాదు. వీళ్లు మౌనంగా ఉంటే మాట్లాడేదెవరు? మాట అందించే ప్రేక్షకులు. అయితే రచయితలు వాళ్లే. రచయితలైతే పన్నెండో నిబంధన వాళ్లకూ వర్తిస్తుంది. కాబట్టి టికెట్టు కొన్న ప్రతి ఒక్కరూ, ఆ రోజు తమకు అప్పటికప్పుడు తట్టబోయే మాట ఏమిటో ముందుగా వచ్చి చెప్పి, ఆమోదం పొందాలని ఊళ్లో మైకు వేయించారు.

ఊరు ఊరంతా కదిలింది. ఇన్నాళ్లూ ఆ భవనం వంక చూడనివాళ్లు కూడా, తమకు తట్టబోయే మాట గవర్నమెంటు రాసుకుంటుందంటే ఎగబడి వచ్చారు. కిటికీ వెనక త్రినాథరావు గారు, ఆయన పక్కన ముద్ర పట్టుకుని పోలారావు.

"వంకాయండి" అన్నాడు కిరాణా కొట్టాయన.

"ఆమోదం."

"దోమలండి" అన్నాడు పెయింటరు ఒకాయన.

త్రినాథరావు గారు కళ్లజోడు తీశారు. "దోమలు అనగా మునిసిపాలిటీని ఉద్దేశించి అన్నట్టు ధ్వనించవచ్చు. చీమలు అనండి."

"చీమలంటే నాకు తట్టదు కదండీ!"

"తట్టించుకోవాలి. ఇంకా టైముంది."

వెనకాలే టైలరొకడు సిగ్గుపడుతూ వచ్చి, "ప్రేమండి" అన్నాడు.

"ఎవరి మీద?"

టైలరు అటూ ఇటూ చూశాడు. వరసలో వెనకాల వాళ్లావిడ ఉంది. "దేశం మీదండి."

"ఆమోదం."

మార్కెట్టు దగ్గర ఇడ్లీ బండి పెట్టుకునే సూరాయమ్మకు ఏమీ తట్టలేదు. "మీరే ఏదోటి చెప్పండి బాబూ, అనేత్తాను" అంది. ఆఫీసు వారు పెద్దమనసు చేసుకుని ఆమెకు 'చందమామ' కేటాయించారు.

ఆమోదం పొందిన మాటలు ఆ రోజు సరిగా పలుకుతారన్న హామీ ఏముంది? అందుకని ఆదివారాలు ప్రేక్షకులకు రిహార్సళ్లు పెట్టారు. త్రినాథరావు గారే నిలబడి నేర్పారు. "అలా బట్టీపట్టినట్టు కాదండీ. ఆశువుగా అరవాలి. ఇప్పుడే తట్టినట్టు ముఖం పెట్టాలి. కనుబొమలు పైకి... ఊఁ, ఇప్పుడు వంకాయ!" కిరాణా కొట్టాయన కనుబొమలెత్తి వంకాయ అని అరిచేవాడు. మూడో ఆదివారానికి ఊళ్లో గొడవలు మొదలయ్యాయి. తన మాట చిన్నదని ఒకాయన అలిగి భోజనం మానేశాడు. బావమరిదికి 'రైల్వే స్టేషను' ఇచ్చి తనకు 'ఈగ' ఇస్తారా అని ఇంకొకాయన చైర్మన్ గారి దాకా వెళ్లాడు.

ఇంతలో సంచాలకుల కార్యాలయం నుంచి ఒక వివరణ వచ్చింది. అడిగింది త్రినాథరావు గారే. ఆయనకు సందేహం వస్తే పైకి రాయకుండా ఉండలేరు. "ప్రదర్శనలో భాగముగా మాట పలుకు వారెల్లరు కళాకారులుగా పరిగణింపబడుదురు. కళాకారులు ప్రేక్షకుల కుర్చీలయందు ఆసీనులగుట నిషిద్ధము. వారు వేదికపైననే ఉండవలెను." అయితే ప్రేక్షకులు వేదిక మీదికి ఎక్కాలన్నమాట. మరి హైమ బృందం? వారికి మంజూరైంది మౌనం. మౌనంగా ఉండేవారు ప్రేక్షకులు. వారు కుర్చీల్లో కూర్చోవాలి.

ఈ సంగతి చెప్పినప్పుడు హైమ లేచి నిలబడింది. తిట్టి పోతుందనే అనుకున్నారు త్రినాథరావు గారు. ఈ ఒక్క బృందం కూడా పోతే ఇక మిగిలేవి ఉల్లిపాయలే.

"ఉల్లిపాయల సంగతి ఊరందరికీ తెలుసు సార్" అంది హైమ. "నాకా తెర కావాలి. మీకూ కావాలి. కుర్చీల్లో కూచోమంటే కూచుంటాం. ముందు తెరైతే లేవనీయండి."

నెలాఖరు శనివారం సాయంత్రం రానే వచ్చింది. తనిఖీకి రాజధాని నుంచి ఉపసంచాలకురాలు శేషారత్నం గారు దిగారు. ఆమె వెంట మార్కెటింగు శాఖ ఇన్‌స్పెక్టరు ఒకాయన టేపు పట్టుకుని వచ్చాడు. వచ్చీ రాగానే గోడలు కొలవడం మొదలుపెట్టాడు.

త్రినాథరావు గారు ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో ఆమోదం పొందిన మాటల ప్రతి పట్టుకుని వేదిక ఓరన నిలబడ్డారు. తెర లేచింది. వేదిక మీద ఊరంతా ఒకరి కాలు ఒకరు తొక్కుకుంటూ నిలబడి ఉంది. కింద ఖాళీ కుర్చీల మధ్య హైమ, ఆమె స్నేహితులు నలుగురు నోళ్లు మూసుకుని కూర్చున్నారు. వాళ్ల ముందు వరసలో శేషారత్నం గారు.

"ప్రేక్షకులు ఎక్కడండీ?" అన్నారామె.

"వేదిక మీద ఉన్నారు మేడమ్."

"మరి నటులో?"

"తమరి వెనక ఉన్నారు మేడమ్. వారికి మౌనం మంజూరైంది."

త్రినాథరావు గారు సైగ చేశారు. కిరాణా కొట్టాయన కనుబొమలెత్తి, "వంకాయ!" అన్నాడు. కాసేపు నిశ్శబ్దం. "రైల్వే స్టేషను!" అన్నాడు మరొకడు. మళ్లీ నిశ్శబ్దం. "చీమలు!" అన్నాడు పెయింటరు నీరసంగా. "దేశం మీద ప్రేమ!" అన్నాడు టైలరు. అన్నీ ఆమోదం పొందినట్టే, అక్షరం తేడా లేకుండా జరుగుతున్నాయి. ఎవరూ నవ్వడం లేదు. ఇంత క్రమశిక్షణ గల హాస్య ప్రదర్శనను త్రినాథరావు గారు కలలో కూడా ఊహించలేదు. అయినా ఎందుకో ఆయనకు ఏడుపొచ్చింది.

శేషారత్నం గారు హ్యాండుబ్యాగు మూసి లేచారు. "నిండు సభ అన్నాం త్రినాథరావు గారూ. నా పక్కన కుర్చీలు చూడండి, అన్నీ ఖాళీ." ఇన్‌స్పెక్టరు టేపు చాపుకుంటూ తెర దాకా వచ్చాడు.

అప్పుడు సూరాయమ్మ వంతు. ఆమె నోరు తెరిచింది. చందమామ రాలేదు. మధ్యాహ్నం బండి దగ్గరికి అల్లుడు దిగితే, అతనికి పీట వేసి, చెంబుడు నీళ్లిచ్చి, అలాగే వదిలేసి వచ్చిందావిడ. మనసంతా అక్కడే ఉంది. కనుబొమలు మాత్రం నేర్పినట్టే పైకెత్తి, "మా అల్లుడొచ్చాడు!" అని గట్టిగా అరిచింది.

త్రినాథరావు గారు అదిరిపడ్డారు. "ఆగండి! అల్లుడికి ఆమోదం లేదు!" మైకు ఆయన చేతిలోనే ఉంది.

కింద హైమ దిగ్గున లేచింది. లేని మీసం ఒకటి మెలేసింది. "అదేంటి మావగారూ! పెళ్లై ఆరేళ్లయింది. ఇప్పుడొచ్చి ఆమోదం లేదంటే నేనెక్కడికి పోనండీ?"

వేదిక మీద ఎవరో కిసుక్కుమన్నారు.

"మీకు మౌనం మంజూరైంది" అన్నారు త్రినాథరావు గారు తీవ్రంగా. "నోరు మెదపకూడదు."

హైమ సూరాయమ్మ వైపు తిరిగింది. "విన్నారా అత్తయ్యా? అత్తారింట్లో అల్లుడు నోరు మెదపకూడదంట!"

"మెదపనీయండి బాబూ!" అని సూరాయమ్మ త్రినాథరావు గారిని బతిమాలింది. "పాపం, ఎండన పడొచ్చాడు."

ఈసారి సగం ఊరు నవ్వింది. త్రినాథరావు గారికి ఏం జరుగుతోందో అంతుపట్టలేదు. అంతుపట్టనప్పుడు ఆయనకు తోచేది నిబంధన ఒక్కటే. "రాకకు పదిహేను రోజుల ముందు మూడు ప్రతులలో దరఖాస్తు చేసుకోవాలి."

"చేసుకున్నానండి! ఒకటి మీకు, ఒకటి అత్తయ్యకి, ఒకటి మీ అమ్మాయికి. మీ అమ్మాయి ఒక్కతే సంతకం పెట్టింది. పోనీ, భోజనమైనా పెడతారా మావగారూ?"

"భోజనం విషయం పరిశీలనలో ఉంది" అన్నారు త్రినాథరావు గారు, రోజూ అన్నట్టే.

హాలు దద్దరిల్లింది. టైలరు పెయింటరు భుజం మీద వాలిపోయి నవ్వుతున్నాడు. త్రినాథరావు గారు నివ్వెరపోయారు. సర్వీసంతా ఆయన ఆ వాక్యం చెబుతూనే ఉన్నారు. అది విని ఏడ్చినవాళ్లున్నారు, తిట్టుకుంటూ పోయినవాళ్లున్నారు. నవ్వినవాళ్లను ఇప్పుడే చూస్తున్నారు.

హైమ వేదిక ఎక్కేసింది. "పోనీ, పులుసైనా వేయిస్తారా?"

త్రినాథరావు గారు నోరు తెరిచారు. ఏ నిబంధనలోనూ లేని మాట ఒకటి, ఎక్కడి నుంచో తనంతట తానే వచ్చి నాలుక మీద కూర్చుంది. "వడ్డించుటకు అభ్యంతరం లేదు. తినుటకు మాత్రం విడిగా అనుమతి తీసుకోవాలి."

అది ఆయన సొంతం! ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ ఆమోదించలేదు. జనం చప్పట్లు కొడుతున్నారు. త్రినాథరావు గారికి చెప్పలేనంత ఆనందం వేసింది. చేతిలోని ఆమోదిత ప్రతిని ఎప్పుడు మడిచి జేబులో పెట్టుకున్నారో ఆయనకే తెలియదు.

అప్పుడే, నిలబడిన చోటే కుర్చీ వెన్ను పట్టుకుని నవ్వుతున్న శేషారత్నం గారు, తానెవరో మరిచిపోయినట్టున్నారు, చెయ్యెత్తి, "ఉల్లిపాయలు!" అని అరిచేశారు.

నవ్వులన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మాట ఊరందరికీ తెలిసిన మాటే. శేషారత్నం గారు చటుక్కున చెయ్యి దించుకున్నారు. హైమ కూడా ఒక్క క్షణం తడబడింది. తర్వాత త్రినాథరావు గారి దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది.

"మావగారూ, గుమ్మంలో మార్కెట్టువాళ్లు నిలబడ్డారు. ఇల్లు ఖాళీగానే ఉంది కదా, ఉల్లిపాయలు పోసుకుంటామంటున్నారు. ఏం చెప్పమంటారు?"

పరిశీలనలో ఉందని చెప్పబోయారు త్రినాథరావు గారు. ఆయన తెర వంక చూశారు. వేదిక నిండా నిలబడిన జనం వంక చూశారు. ఫినాయిలు పెట్టి తుడిపించిన చెక్క మీద చెప్పుల గుర్తులే గుర్తులు. అవి చూస్తే ఆయనకు కోపం రావాలి. రాలేదు.

"ఇల్లు ఖాళీగా లేదని చెప్పల్లుడూ!" అన్నారాయన. అది ఆఫీసు గొంతు కాదు, ఇంట్లో గొంతు. "కళ్లుంటే చూసుకోమను. జనానికి నిలబడ్డానికే చోటు లేదిక్కడ. అయినా ఏడవడానికి మాకు ఉల్లిపాయలెందుకురా? ఆఫీసుంది!"

ఆ తర్వాత ఏం జరిగిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. సూరాయమ్మ వేదిక మీదే చతికిలబడి నవ్విందని అందరూ ఒప్పుకుంటారు. ఇన్‌స్పెక్టరు చేతిలో టేపు జారి చటుక్కున డబ్బాలోకి పోయింది, ఆయన దాన్ని మళ్లీ బయటికి లాగలేదు. నిలబడలేక జనం కిందికి దిగి, ప్లాస్టిక్ కవర్లు పర్రుమని చింపుకుని కుర్చీల్లో కూర్చున్నారు. నోటికొచ్చిన మాటలన్నీ కేకలేశారు. దోమలూ వచ్చాయి, గోతులూ వచ్చాయి. ఒక్కదానికీ ఆమోదం లేదు. పోలారావు ముద్ర పక్కన పెట్టి ఈలలు వేశాడు.

ఉల్లిపాయలు వేరే ఊరికి వెళ్లిపోయాయి. 'అప్పటికప్పుడు' బృందానికి నెలకో శనివారం దక్కింది. వారం తిరక్కుండా సంచాలకుల కార్యాలయం నుంచి అభినందన కూడా వచ్చింది. "సదరు మావగారి సన్నివేశమును అన్ని జిల్లాల కళాభవనములలో యథాతథముగా ప్రదర్శింపదలచినందున, స్క్రిప్టును మూడు ప్రతులలో పంపవలెను. అందు ఆశువుగా పలికిన భాగములను గుర్తించి చూపవలెను."

త్రినాథరావు గారు అది చదివి, ఎదురుగా కూర్చున్న హైమ వంక చూశారు. బల్ల మీది కట్టలోంచి మూడు తెల్లకాగితాలు తీశారు. ఒక్కొక్కటీ అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. సంతకం చేసి పోలారావుకు ఇచ్చారు.

"ఇందులో ఏం లేదేంటండీ?" అన్నాడు పోలారావు.

"అదేనయ్యా స్క్రిప్టు. అక్షరం పొల్లుపోకుండా ఆడమని పైన రాసి పంపించు."

పది రోజులకు జవాబు వచ్చింది. స్క్రిప్టు క్షుణ్ణముగా పరిశీలించి ఆమోదించడమైనదని, అయితే రెండవ పేజీలో ఒక మాట కార్యాలయ గౌరవమునకు భంగకరముగా ఉన్నందున దానిని తొలగించవలెనని అందులో ఉంది.

పోలారావు తెల్లకాగితం నకలు తెచ్చి కిటికీ దగ్గర వెలుతురుకు పెట్టి చాలాసేపు వెతికాడు. ఏ మాటో అతనికి దొరకలేదు. అది ఏడవడానికి ఆఫీసుందన్న మాటేనని త్రినాథరావు గారికి మాత్రం ఇట్టే తెలిసిపోయింది. తర్వాతి ప్రదర్శన శనివారం ఆయన వేదిక మీద ఆ మాట రెండుసార్లు అన్నారు.